మడత విప్పకూడని చీర

రాజమండ్రి
1894 ఫిబ్రవరి 3

చెల్లెలు సంపూర్ణానికి,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ వదిన దగ్గు తగ్గింది. తగ్గిన దగ్గర్నుంచి నన్ను దెప్పడం మళ్లీ మొదలుపెట్టింది, దాన్నిబట్టి పూర్తిగా కోలుకుందనే అనుకుంటున్నాను.

దేవకుమారి బాప్తిస్మానికి తెల్లచీర కావాలని రాశావు. మేనమామని నేనుండగా ఇంకెవరు పెడతారు? ఎర్రంచు తెల్లచీర, పదహారు మూరలది, పడవ సత్తియ్య చేతికిచ్చి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మా లూథరన్ సంఘంలో అయితే పిల్ల పసిగుడ్డుగా ఉండగానే నెత్తిన మూడు చుక్కలు పడి ఆ పని కాస్తా అయిపోయేది. మీ బాప్టిస్టులకి మనిషి నిలువునా మునిగితే గాని తృప్తి లేదు. కానీ, దేవుడు నీళ్లు కొలుస్తూ కూర్చుంటాడని నేననుకోను.

చీర కొన్న వైనం నీకు రాయకపోతే నాకు అన్నం సహించదు. పెద్దబజారులో సత్తిరాజు గారి బట్టల కొట్టు ఉంది. మన పేటవాళ్లంతా అక్కడే కొంటారు. కొంటారంటే కొట్లోకి వెళ్లి కాదు. మెట్ల కింద మురుగుకాలవ మీద ఒక నాపరాయి వేసి ఉంచారు, మన వాళ్లు దానిమీదే నిలబడాలి. గుమాస్తా చంద్రరావు గుమ్మంలోంచి చీరలు మడతమీదే చూపిస్తాడు. మన వాళ్లకి చూపించే దొంతి వేరే ఉంది. "కాస్త విప్పి చూపించండి" అన్నాను. "విప్పితే మీ చెయ్యి తగలకుండా ఉంటుందాండీ?" అన్నాడు. అండీ అన్నాడు సుమా, మర్యాదకేం లోటు లేదు! డబ్బు రాతిమీద పెడితే నీళ్లు చల్లి తీసుకున్నాడు. చీర మాత్రం పైనుంచి విసిరాడు. కోటు తొడుక్కుని, ఇరవయ్యేళ్లుగా ఈ ఊరి పిల్లలకి లెక్కలు చెబుతున్నవాణ్ణి, నలభై అయిదేళ్లవాణ్ణి, బజారు మధ్య దోసిలి పట్టాను.

అయినా చీర బాగుంది. గంజి పెళపెళలాడుతోంది. మడత అలాగే ఉంచు, పిల్లే మొదట విప్పాలి.

బావగారికి, మీ అత్తగారు బుల్లెమ్మ గారికి నా వందనాలు. పిల్లకి ముద్దులు.

నీ అన్న,
జీవరాజు


ద్రాక్షారామం
ఫిబ్రవరి 13

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం, చీర చేరాయి. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు కలం పట్టుకోలేదు. పిల్ల క్షేమం. ముందే ఆ మాట చెబుతున్నాను, కంగారు పడకు.

ఆదివారం పొద్దున్న కాలవ దగ్గర తొమ్మిది మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనది నాలుగోది. గట్టు నిండా జనం. మన వాళ్లు సగం, తమాషా చూడ్డానికి వచ్చినవాళ్లు సగం. పాదిరి గారు పిల్లని వెనక్కి వంచి ముంచి లేపారు. లేపేసరికి నీళ్లమీద తెల్లగా తెట్టెలా తేలింది. ముందు నాకర్థం కాలేదు. చీరలోని గంజి అన్నయ్యా! కుండలోంచి వంపినట్టు కాలవంతా పరుచుకుంది. పిల్ల ఒక్క అడుగు ముందుకి వేసిందో లేదో, చీర నడుము దగ్గర చర్రున చీలింది. మడత ఎక్కడ పడిందో అక్కడల్లా చీలింది. చేతికొచ్చిన పేలికలు గుండెలకి అడ్డం పట్టుకుని పిల్ల నడుములోతు నీళ్లలో అలాగే నిలబడిపోయింది. బయటికి రాదు, ఏడవదు. గట్టుమీద ఎవడో ఈల వేశాడు.

మా అత్తగారు ఊరుకుంటుందా! "మొగోళ్లంతా కళ్లు మూసుకుని పార్దన చెయ్యండ్రా! కళ్లు తెరిచినోడికి దేవుడే చెబుతాడు!" అని అరిచింది. పాదిరి గారు కూడా మూసుకున్నారు. నేను దుప్పటి తీసుకుని నీళ్లలోకి దిగాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు ఆ పేలికల్ని చౌడు నీళ్లలో వేసింది. కాసేపటికి అమ్మోయ్ అని కేక. వెళ్లి చూస్తే తెల్లచీరమీద ఎర్రటి మచ్చలు లేస్తున్నాయి. ఒకటి రెండు కాదు. అరచేతులు ఆనించినట్టు, వేళ్లతో సహా. ఆవిడ చీర వదిలేసి పెరట్లోకి పోయింది. ఇప్పటిదాకా ఆ తొట్టి దగ్గరికి రాలేదు.

పిల్ల బడికి వెళ్లడం మానేసింది. అందరూ తననే చూస్తున్నారంటుంది. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది.

నువ్వు మాత్రం ఆ కొట్టుకి వెళ్లకు. చీరదేముంది, పోతే పోయింది. నీ కోపం నాకు తెలుసు కాబట్టి మళ్లీ రాస్తున్నాను, వెళ్లకు.

ఇక్కడ మినుములు తీస్తున్నారు. చేతినిండా పని.

నీ చెల్లెలు,
సంపూర్ణమ్మ


రాజమండ్రి
ఫిబ్రవరి 19

సంపూర్ణానికి అన్నయ్య రాసేది.

నీ ఉత్తరం చదివాను. మీ వదిన ఏమైందని అడిగితే కాగితం చేతికిచ్చాను. అది చదివి, "దోసిలి పట్టి తెచ్చారు కదా, బాగానే పడింది" అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

వెళ్లొద్దంటావా? ఎందుకు వెళ్లకూడదు? లోకంలో ఏ సరుకైనా చూసుకునే కొంటారు. ఎద్దుని కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. కుండ కొనే ముసలమ్మ వేలితో కొట్టి చప్పుడు వింటుంది. వంకాయలు కొనేవాళ్లు ఒక్కొక్కటీ తిప్పి పుచ్చు ఉందేమో చూస్తారు, పుచ్చుదైతే అమ్మినదాని మొహాన కొట్టి మార్చుకుంటారు. అది దయా కాదు, దానమూ కాదు. కొన్నవాడి హక్కు. మనం మాత్రం కళ్లకి గంతలు కట్టుకుని కొనాలి, కొన్నాక నోటికి కూడా కట్టుకోవాలి! మనది దొంగడబ్బా? నీళ్లు చల్లితే మన డబ్బుకున్న మైల పోతుంది, మన ఫిర్యాదుకి మాత్రం పోదు!

ఒక్క సంగతి నిజం చెప్పు. పసుపుమీద చౌడు పడితే ఎర్రగా తిరుగుతుంది, అది నేను బళ్లో పిల్లలకి చూపించే విద్యే. కాబట్టి ఆ మచ్చలు పసుపువి. బుల్లెమ్మ గారు పాతకాలపు మనిషి. కొత్తబట్టకి పసుపు రాయకుండా ఆవిడ చెయ్యి ఊరుకోదు. రాస్తే రాశారు, పాదిరికి నేను చెప్పను. కాని ఆ చంద్రరావు మొదట పట్టుకునేది ఆ మచ్చలనే. "మీరే పాడుచేసి తెచ్చారండీ" అంటాడు. నేను అబద్ధం మీద నిలబడి వాదించలేను.

చీరని పేలికలతో సహా, ఒక్క పోగు తగ్గకుండా పంపు.

జీవరాజు


ద్రాక్షారామం
ఫిబ్రవరి 26

అన్నయ్యకి,

నీ ఉత్తరం బుద్ధి తక్కువై పైకి చదివాను. మా అత్తగారు విన్నది. ఇక చూడు! ఆవిడ చెప్పమన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయకపోతే నాకు కూడు పెట్టనంది కాబట్టి రాస్తున్నాను.

"మీ అన్న లెక్కల మేస్టరా, పోలీసు జవానా? నేను మునక తీసుకుని పన్నెండేళ్లయింది. పసుపు కొమ్ము కూరలోకి తప్ప ముట్టలేదు. తన చేత్తో కొని తెచ్చిన దరిద్రాన్ని ముసల్దాని నెత్తిన రుద్దుతాడా? రాజమండ్రిలో నీళ్లు అలాంటియ్యా? నెత్తిన మూడు చుక్కలు పడితే బుద్ధి కూడా మూడు చుక్కలే ఉంటుందని రాయి."

రాశాను. ఆవిడ పసుపు రాయలేదు, నేను చూస్తూనే ఉన్నాను. మడత విప్పింది పిల్లే.

పంపడానికి చీర లేదు. చింపి గిన్నెలు దించుకునే మసిగుడ్డలు చేసేశాను. ఇక దాని ఊసు వదిలెయ్యి. నీకు కోపం వస్తే కాగితం ఉంది, సిరా ఉంది, వినడానికి వదిన ఉంది. ఇక్కడ మేం మనుషుల మధ్య బతకాలి. పిల్ల మొన్ననే మళ్లీ బడికి వెళ్లింది. ఆ గొడవ పైకి తేవడం నాకిష్టం లేదు, అంతే.

మీ బావగారు పదిహేనురోజుల్లో సంఘం పనిమీద రాజమండ్రి వస్తారు. ఆయనతో అప్పడాలు పంపుతాను.

సంపూర్ణమ్మ


రాజమండ్రి
మార్చి 14

సంపూర్ణం,

అప్పడాల మూట విప్పాను. అడుగున చీర ఉంది. పేలికలన్నీ ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి ఉన్నాయి. మీదొక చిన్న చీటీ: "మావయ్యా, అమ్మ మసిగుడ్డలు చెయ్యలేదు, ధాన్యపు గాదె వెనక దాచింది. నేను నీళ్లలో నిలబడ్డది ఊరికే పోకూడదు. దేవకుమారి." బావగారికి మూటలో ఏముందో కూడా తెలియదట.

నాతో అబద్ధం ఎందుకాడావో నేనడగను. పిరికితనం అనుకున్నాను. నా చెల్లెలు ఇంత పిరికిది ఎప్పుడయిందా అని బాధపడ్డాను. ఇక ఆ మాట అలా ఉంచు. తరవాత జరిగింది విను, విని కాస్త కూర్చో.

శనివారం కొట్టు కిటకిటలాడే వేళ చూసి వెళ్లాను. నాపరాయి ఎక్కి పేలికలు రెండు చేతులా పైకెత్తి చూపించాను.

"చంద్రరావు గారూ, ఈ చీర మీ కొట్లోదేనా?"

"అయ్యుండొచ్చండి."

"నీళ్లలో ముంచితే చీలిపోయింది. మార్చి ఇంకోటివ్వండి."

"చీర కట్టుకోడానికండీ, ముంచడానికి కాదు." అందరూ నవ్వారు. "అయినా మీరు ముట్టుకున్న బట్ట మళ్లీ మా గడప ఎలా ఎక్కుతుందండీ? మాకు మైల కాదా? చదువుకున్నవారు, మీకు వేరే చెప్పాలా!"

నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి ఒకావిడ చేపలగంప దించి వచ్చింది. రేవు వైపునుంచి వచ్చి అమ్ముకునే మనిషి, పెద్దింట్లమ్మ అంటారు. పేలిక కొంగుమూల తిప్పి చూసింది, మచ్చల్లో తన అరచెయ్యి ఆనించి చూసింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"బాబూ, ఇది పీనుగు మీద చీరయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"మా అత్త ముత్తయిదువుగా పోతే పుట్టింటోళ్లు ఇలాటిదే తెచ్చి కప్పేరు. పసుపు చేతుల్తో కప్పుతారు. ఇదిగో, కొంగుమూల చూడు, బియ్యం ముడేసిన చోటు. ముడి నలిగిపోయి కనపడుద్దని మూల కోసేసి కుట్టేరు. నేనెంతమందిని సాగనంపేను, నాకు తెలవదా?"

"ఎవత్తివే నువ్వు? నీ గంపెత్తుకుని పో" అంటూ సత్తిరాజు గారు లోపల్నుంచి లేచి వచ్చారు. పదేళ్లలో ఆయన నా మొహం చూసి మాట్లాడ్డం అదే మొదలు. "ఎవరో దొంగతనంగా అమ్మి ఉంటారు. మాకేం తెలుసు?"

నాకు ఒళ్లు తెలియలేదు సంపూర్ణం. "పీనుగు మీంచి వచ్చినప్పుడు మీ గడపకి మైల లేదు! బతికున్నవాడి చేతిమీంచి వస్తే మైలా? చచ్చినవాళ్లకన్నా మేం తక్కువా మీకు?" అని అరిచాను. ఆయన తలుపులు వేయించారు.

ఇదంతా ఒక ఎత్తు, నా పక్కన జరిగింది ఒక ఎత్తు. మన పేట ఆడమనిషి ఒకత్తె నాతోపాటు రాతిమీద నిలబడి ఉంది. కిందటి నెల అదే దొంతిలోంచి కొన్న చీర కట్టుకుంది. పెద్దింట్లమ్మ మాట విని తన కొంగుమూల చూసుకుంది. కుట్టు ఉంది. కొంగు ఒంటికి తగలకుండా చెయ్యి చాపి ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది. విప్పలేదు, కట్టుకుని నడవలేదు. నడిబజారు. ఎటు పోతుంది? ఆ మొహం నన్ను పడుకోనివ్వడం లేదు.

వకీలు దగ్గరికి వెళ్లాను. చట్టం మన పక్షమే. లోపం దాచిపెట్టి అమ్మితే అది మోసం, ఆ బేరం చెల్లదు, సొమ్ము తిరిగివ్వాల్సిందే. "అయితే వాళ్లొక అడ్డుపుల్ల వేస్తారు. శ్రద్ధగా చూసుకుంటే తెలిసేదే కదా, ఎందుకు చూసుకోలేదు అంటారు" అన్నాడు. "విప్పి చూడనిస్తేనా!" అన్నాను. ఆయన కుర్చీలో లేచి కూర్చున్నాడు. "ఆ మాటే మునసబు ఎదుట రికార్డు చేయిద్దాం. ఎవరి అంటు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. చూశావా! మనల్ని ముట్టుకోనివ్వలేదు కాబట్టే మనం గెలుస్తాం. ఆ దొంతి ఇంక బజారులో ఉండదు, మడత విప్పి చూపించందే ఎవడూ మన వాళ్లకి గజం గుడ్డ అమ్మలేడు.

కావలసింది ఒక్క సాక్షి. చేపలమ్మి మాట ఊహ అని కొట్టేస్తారట. కాడుమీంచి తెచ్చిన చీరని కొత్తదానిలా ఎలా చేస్తారో, కొట్టుకి ఎలా చేరుతుందో కళ్లారా చూసినవాళ్లు కావాలి. పట్టుకుంటాను. శవంమీద గుడ్డ ఊడదీసి అమ్ముకునే ఆ నీచుణ్ణి, ఆ గుంటనక్కని, బోనులో నిలబెట్టి మరీ కక్కిస్తాను. వాడి పెళ్లాం పిల్లలు ఆ కూడు ఎలా మింగుతున్నారో! మన నాన్న కూడా అలాంటి కాటిరేవులోనే బతికాడు. దహనాలకి కట్టెలు మోశాడు, చెమటోడ్చి నన్ను బోర్డింగు బడిలో పెట్టాడు. పేదరికం ఒకటి, పాడుబతుకు ఒకటి.

జవాబు రాయి. ఈసారి నిజం రాయి.

అన్నయ్య


ద్రాక్షారామం
మార్చి 19

అన్నయ్యా,

నిజం రాయమన్నావు. రాస్తున్నాను.

నాన్న కట్టెలు మోసిన మాట నిజమే. కట్టెలకి ఇచ్చే కూలి గంజిలోకి సరిపోయేది. నీ పుస్తకాలు, పలక, చొక్కాలు ఏ కూలితో వచ్చాయని ఎప్పుడైనా అడిగావా? ఆ గుంటనక్క పేరు చిట్టియ్య. మన నాన్న.

పీనుగుని చితిమీద పెట్టేముందు పైన కప్పిన చీరలు తీసి పక్కన పడేస్తారు. ఒక్కో ముత్తయిదువు మీద ఆరేసి, ఏడేసి. అవి రేవులో పనిచేసేవాళ్లవి, అది వాళ్ల వంతు. నాన్న మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. ఉతికితే కొత్తదనం పోతుంది, అందుకని ఉతక్కూడదు. ఎండలో పరిస్తే పసుపు విరిగిపోతుంది. నాలుగెండలు కాయాలి. మడతల్లో ఇరుక్కున్న బియ్యపు గింజలు, నువ్వులు ఏరాలి. నా వేళ్లు సన్నమని ఆ పని నాది. కొంగుమూల కోసి కుట్టాలి. ఎండకి చీకిన నూలు తెలియకుండా చిక్కటి గంజి చిలకరించి, చెక్కతో తోమి, మడత పాత గీతమీదే పడేట్టు పెట్టాలి. మడత తప్పితే రెండో గీత పడుతుంది, పట్టుబడిపోతుంది. ఏడేళ్లనుంచి పదమూడేళ్ల దాకా ఆ పని చేశాను. నువ్వు సెలవులకి వస్తున్నావంటే మూటలు అటకెక్కేవి. "అన్నయ్యకి చెప్పకమ్మా. వాడి చదువుకి మన వాసన తగలకూడదు" అనేవాడు.

ఎక్కడ అమ్మేవాడో కూడా చెప్తాను. పడవమీద రాజమండ్రి తీసుకెళ్లేవాడు. సత్తిరాజు గారి తండ్రి కొట్టు. ముందు గుమ్మం దగ్గర నాపరాయి అప్పుడూ ఉంది. వెనక దొడ్డితలుపు మాత్రం నాన్నకి తీసే ఉండేది. నేను రెండుసార్లు వెళ్లాను. లోపలి అరుగుమీద కూర్చుని చీరలు లెక్కపెట్టి దొంతి పేర్చింది నేనే. నీ చేతికి అందని కొట్లో నేను ముట్టుకోని అర లేదు. అప్పుడెవరికీ మైల అంటలేదు.

కాలవలో గంజి తేలినప్పుడే నాకు తెలిసిపోయింది. మచ్చలు లేచేదాకా కూడా ఆగక్కర్లేకపోయింది. నా కూతురు, నా కళ్లముందు, ఆ చీరలో నిలబడింది. అలాంటి చీరలు నా చేత్తో ఎన్ని మడత పెట్టానో, ఏ పేట ఆడవాళ్లు కట్టుకున్నారో, ఎవరి పిల్లలు వాటిలో పడుకున్నారో. అప్పుడు ఎవరు కడతారన్న ఊహే నాకు లేదు. మన వాళ్లే కడతారని ఆ వేళ తెలిసింది.

పిరికిదాన్ని అన్నావు. కావచ్చు. కాని ఆ కూడు ఎలా మింగుతున్నారో అని రాశావే, ఎలా మింగేవాడివో నీకు గుర్తుండాలి. నువ్వు మాకంటే ఎక్కువే తిన్నావు. పెద్ద ముద్దలు నీకే పెట్టేవాడు.

ఇక నీ ఇష్టం.

సంపూర్ణమ్మ


రాజమండ్రి
ఏప్రిల్ 2

సంపూర్ణానికి,

నీ ఉత్తరం అందిన రోజు బడికి వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లాను గాని బోర్డుమీద ఏం రాశానో నాకే తెలియదు.

కేసు వెయ్యడం లేదు. నాన్న పేరు కోర్టులో పలకడం నావల్ల కాదు. నాకీ ఊళ్లో ఒక పేరుంది, సంఘంలో పెద్దనన్న గౌరవం ఉంది. మొన్న చంద్రరావు మన ఇంటికే వచ్చాడు. రెండు కొత్త చీరలు తెచ్చి అరుగుమీద పెట్టాడు. "సావుకారు గారు పంపారండి. తీరిగ్గా విప్పి చూసుకోమన్నారు. గొడవ ఇంతటితో సరి అనుకుందామన్నారు" అన్నాడు. మీ వదిన ఏసమ్మ లోపలికి తీసుకురానంటే నేనే తెచ్చాను. మంచి చీరలే. ఒకటి దేవకుమారికి.

నీ ఉత్తరం కాల్చేశాను. నువ్వు కూడా ఎవరి దగ్గరా ఆ ఊసెత్తకు.

జీవరాజు


ద్రాక్షారామం
ఏప్రిల్ 9

అన్నయ్యకి వందనాలు.

ఊసెత్తాను. నీ ఉత్తరం రాకముందే ఎత్తాను. వచ్చాక ఎత్తినా బాధపడేదాన్ని కాదు.

నీకు రాసిన రాత్రికే మా అత్తగారికి చెప్పాను. ఆవిడ దీపం దగ్గరికి జరిపింది. తరవాత, "ఏడేళ్లప్పుడు నీకేం తెలుసే" అని నా చేతులు రెండూ తన ఒళ్లో పెట్టుకుంది. అంతే. పసుపు సంగతిలో నువ్వు ఆవిడ క్షమాపణ అడగడం ఇంకా బాకీ ఉందని మాత్రం గుర్తుచేయమంది.

ఆ శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థనకూటంలో లేచి నిలబడి మొత్తం చెప్పాను. నాన్న పేరుతో సహా. కొడతారేమోననుకున్నాను. ఒకావిడ లేచి ఇంటికెళ్లి పెట్టెలోంచి పండగచీర తెచ్చి, గుమ్మంలో ఎండలో విప్పింది. తరవాత ఇంకొకావిడ. పొద్దుగూకేసరికి పేటలో అన్ని గుమ్మాల్లోనూ చీరలు విప్పి పరిచారు. నేను ఇంటింటికీ వెళ్లి కొంగుమూలలు చూశాను. పదకొండు. పండగలకి పడవెక్కి మీ ఊరొచ్చి ఆ కొట్లోనే కొన్న పదకొండు చీరలకి మూల కోసి కుట్టి ఉంది. ఒకటి, కాన్పుకి రాబోయే పిల్ల కోసం తల్లి దాచి ఉంచింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "నీకు చూడ్డం తెలుసు కాబట్టి మా అందరికీ నేర్పు" అంది.

అందరూ తమ చీర తీసుకెళ్లి తిరిగిచ్చేస్తామంటున్నారు. సావుకారు గారు ఎంతమంది అరుగులమీద రెండేసి చీరలు పెడతారో చూద్దాం.

నాన్న పేరు చెప్పడం నీవల్ల కాదన్నావు. నాన్న తప్పు చేశాడు, ఆకలితో చేశాడు. అంతకన్నా పెద్ద తప్పు చేసినవాడు మెట్లమీద కూర్చున్నాడు, ఆకలి లేకుండా చేశాడు. నువ్వు వెయ్యనన్న కేసులో మొదటివాడు బయటపడతాడని రెండోవాణ్ణి వదిలేస్తున్నావు. ఎద్దుపళ్ల గురించి, వంకాయ పుచ్చు గురించి నాకు రాసిన మనిషివి నువ్వేనా? కొన్నవాడి హక్కు మన గుట్టు బయటపడేదాకానేనా? నాన్న నిన్ను చదివించింది ఆ చీరలు లోపలికి మోసుకోడానికి కాదు.

అవి రెండూ ఈ ఉత్తరం చేరిన రోజే తిరిగిచ్చెయ్యి. రాతిమీద పెట్టి రా. పట్టుకోడానికి ఆయన దోసిలి పడితే ఇంకా మంచిది.

వచ్చే సోమవారం సత్తియ్య పడవలో నేను, దేవకుమారి బయల్దేరుతున్నాం. పదకొండు చీరలూ మాతో వస్తాయి. మీ బావగారు కూడా వస్తానంటున్నారు. వకీలు గారితో చెప్పు, సాక్షి దొరికిందని. ఎండలో పసుపు ఎలా విరుగుతుందో, మూల ఎలా కోస్తారో, మడత పాత గీతమీద ఎలా పడాలో మునసబు గారి ఎదుట చేసి చూపిస్తాను. ఒక్క గిన్నెడు గంజి, ఒక చెక్క ఉంటే చాలు.

కోర్టులో సాక్షి పేరు, తండ్రి పేరు, వృత్తి అడిగి రాసుకుంటారట, పాదిరి గారు చెప్పారు. నేనిప్పుడు ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీని కదా, వృత్తి దగ్గర నువ్వు అదే చెప్పబోతావు. చెప్పకు. నేనే చెబుతాను: చిన్నప్పుడు పీనుగుల మీద చీరలు మడత పెట్టే పని.

చిట్టియ్య కూతురు,
సంపూర్ణమ్మ